యాకుత్‌పురా భట్టీకి నాలుక

ఉల్లిగడ్డలు కోసేవాళ్లు యాకుత్‌పురాలో సందుకు పదిమంది దొరుకుతారు. ఏడాదికి పదకొండు నెలలు ఇస్సాకు కూడా ఆ పదిమందిలో ఒకడే. పన్నెండో నెల, అంటే రంజాన్ నెల వచ్చిందంటే మాత్రం అతని దర్జా వేరు. ఆ నెల రోజులూ గౌస్ ఉస్తాద్ భట్టీ మొత్తం ఇస్సాకు నాలుక మీద నడిచేది.

గౌస్ ఉస్తాద్ పెళ్లిళ్లకూ విందులకూ వంటచేసే బావర్చీ. యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు, దాని కింద అతని పొయ్యిలు. అదే భట్టీ. రంజాన్‌లో పెళ్లిళ్లు ఉండవు కనుక ఆ నెలంతా అక్కడే హలీం వండి అమ్ముతాడు. పనివాళ్లు పద్నాలుగు మంది, ఇద్దరు తప్ప అందరూ రోజా ఉండేవాళ్లే. తెల్లవారకముందు తిన్న నాలుగు ముద్దలే, మళ్లీ పొద్దుగూకే దాకా మంచినీళ్లు కూడా ముట్టరు. పొద్దుటి నుంచీ గోధుమలూ మాంసమూ పప్పులూ పెద్ద రాగి దేగుల్లో ఉడుకుతుంటే, ఇద్దరిద్దరు నిలబడి పొడుగాటి కర్రలతో మెదుపుతారు. అంతా బాగానే ఉంటుంది గానీ ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేదెవరు? రుచి చూసి ఉమ్మేస్తే రోజా చెడదని కొందరు పెద్దలు చెబుతారట. ఉస్తాద్ ఆ పూచీ నెత్తిన వేసుకునే రకం కాదు.

షెడ్డులో రోజా లేని ఇద్దరిలో ఒకడు కట్టెలు వేసే పెంటయ్య. అతని దవడలో పొద్దస్తమానం జర్దా నానుతూ ఉండేది, ఆ నోటికి రుచులు తెలియవు. రెండోవాడు ఇస్సాకు. రెండువేల మూడులో, ఇరవై నాలుగేళ్ల వయసులో, అతను ఆ షెడ్డులో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. ముందున్న రుచి చూసే మనిషి జ్వరంతో పడిపోతే ఉస్తాద్ అటూ ఇటూ చూసి, “అరే ఇసాక్, జర ఇటు రా. చెయ్యి కడుక్కో, నోరు కడుక్కో. గిది నోట్ల ఏసుకొని నిజం చెప్పు” అన్నాడు. ఇస్సాకు నోట్లో వేసుకున్నాడు. “తక్కువున్నది ఉస్తాద్, ఒక చెయ్యి పడ్తది” అన్నాడు. చెయ్యి అంటే ఉస్తాద్ గుప్పెడు. ఉస్తాద్ ఒక గుప్పెడు దొడ్డుప్పు చల్లాడు. ఆ సాయంత్రం దేగు అడుగు కనిపించే దాకా అమ్ముడుపోయింది. అప్పటి నుంచి ఇరవై మూడు రంజాన్‌లు ఆ ఉద్యోగం ఇస్సాకుదే.

ఉద్యోగం చూడ్డానికి ఐదు నిమిషాల పనే. మధ్యాహ్నం మూడున్నరకు ఉస్తాద్ పిలుస్తాడు. రోజా ఉన్నవాళ్ల ముందు తినడం మర్యాద కాదని ఒక మూల తార్పాలిన్ కట్టి ఉంచారు. ఇస్సాకు గోరువెచ్చని నీళ్లతో మూడుసార్లు పుక్కిలించి, గరిటెడు హలీం తీసుకుని తార్పాలిన్ వెనక్కి వెళ్తాడు. ఎడమ అరచేతిలో వేసుకుని, ఊది, నాలుకతో అందుకుంటాడు. బయటికొచ్చి అర చెయ్యి అనో, ఒక చెయ్యి అనో, సరిపోయింది అనో చెబుతాడు. అంతే. కానీ ఆ మాట మీద రెండు దేగులూ, ఆ దేగుల మీద మూడు బస్తీల ఇఫ్తార్లూ ఆధారపడి ఉండేవి. ఐదింటి నుంచే జనం వరుసకట్టి పార్సిళ్లు పట్టుకుపోతారు, పొద్దుగూకే దాకా ఎవరూ మూత తియ్యరు. ఉస్తాద్ ఆ సంగతే చెప్పేవాడు. “షాదీల తప్పయితే ఎంబడే ఎరుకైతది, సర్దుకోవచ్చు. రంజాన్ల తప్పయితే మగ్రిబ్ దాకా బయట పడది. అప్పటికి హలీం అందరిండ్లల్ల ఉంటది. అందుకే తప్పు కావద్దు.”

అందుకని ఇస్సాకు తన నాలుకను పెళ్లికూతురిలా చూసుకునేవాడు. రంజాన్‌కు పది రోజుల ముందే కారం మానేసేవాడు. పచ్చడి లేదు, పచ్చిమిర్చి లేదు, సలసల కాగే చాయ్ లేదు. ఉప్పుగూడలో రైలు పట్టాల పక్క సందులో వాళ్లది అద్దె ఇల్లు. ఇస్సాకు తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన కాలం నుంచీ ఆ సందులోనే కాపురం. భార్య రాహేలు మొగుడి కోసం నెల రోజులు చప్పిడి పప్పు వండీ వండీ విసిగిపోయేది. ఈ మూడు నాలుగేళ్లుగా క్రైస్తవుల శ్రమ దినాలు కూడా రంజాన్‌తో కలిసి రావడం మొదలయ్యాక ఆమెకు మరీ నవ్వొచ్చేది. “ఇటు తురకలు ఉపాసం, అటు మన సంఘమంత ఉపాసం. మొత్తం పాతబస్తీల నువ్వొక్కనివే తింటున్నవు” అనేది. ఇస్సాకు ఆ మాటకు కోపగించుకోకపోగా లోలోపల పొంగిపోయేవాడు. ఒకసారి పాస్టరుగారు శుక్రవారం ఉపవాసం ఎందుకు ఉండలేదని అడిగితే, “అయ్యగారు, నా పని అసొంటిది” అని గంభీరంగా చెప్పి వచ్చాడు.

రాహేలు ఒక సర్కారు ఆస్పత్రిలో ఆయా. కాంట్రాక్టు మీద పదహారేళ్లు చేసింది. ఒక్కగానొక్క కూతురు ప్రీతి పెళ్లి చేసి మౌలాలీ పంపించాక, ఇక ఈ జన్మకు పర్మనెంటు కాదని ఆశ వదిలేసుకుంది. సరిగ్గా అప్పుడు, పోయిన ఏడాది ఏప్రిల్‌లో, రంజాన్ అయిన రెండు వారాలకు ఆర్డరు వచ్చింది. ఊరు తాండూరు.

“తాండూరా? ఆడ ఏమున్నది, బండలు తప్ప?” అన్నాడు ఇస్సాకు.

“జీతమున్నది” అంది రాహేలు.

“మరి నా పని?”

“ఉల్లిగడ్డలు ఆడ గూడ పండుతయి.”

ఉల్లిగడ్డల మాట నిజమేనని ఇస్సాకుకూ తెలుసు. పదకొండు నెలలు తానేం చేస్తాడో, ఏ ఊళ్లో చేస్తాడో అడిగే దిక్కు లేదు. కానీ పన్నెండో నెల? మనిషన్నవాడికి ఎక్కడో ఒకచోట తాను లేకపోతే పని ఆగిపోయే జాగా ఒకటి ఉండాలి. ఇస్సాకుకు ఉన్న ఆ ఒక్క జాగా యాకుత్‌పురాలో తార్పాలిన్ వెనక ఉంది. దాన్ని పోగొట్టుకుంటే తాను ఎవరికీ కానివాడైపోతాడని అతని భయం. పైకి ఆ మాట చెప్పుకోలేక నీళ్లు సరిగా రావట, దుమ్మట, రైళ్లు తక్కువట అని రెండు రోజులు తాండూరు మీద నేరాలు మోపాడు.

మూడో రోజు తనంతట తానే దిగివచ్చాడు. “వస్త. కాని రంజాన్ నెల నాది. ఆ నెల నేను భట్టీకాడనే ఉంట. ఎవలు చెప్పినా ఇనను.”

“ఎవలు అడ్డమొస్తరు? నెల రోజులు నేను ఇంత కారమేసుకొని కమ్మగ తింట” అంది రాహేలు.

గౌస్ ఉస్తాద్ దగ్గరకు వెళ్లి ఇస్సాకు ఆ మాటే చెప్పాడు. ఉస్తాద్ డెబ్బైకి దగ్గర పడిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. “పో ఇసాక్. బీవీది సర్కారీ నౌక్రీ, కాదనకు. నీ జాగా యాడికి పోదు. రంజాన్ చాంద్ కనబడెటాలకు వచ్చెయ్” అన్నాడు.

ఆ మాట చాలు ఇస్సాకుకు. మే నెలలో డీసీఎం బండిలో సామాను వేసుకుని వెళ్లాడు గానీ, ఆధార్ కార్డులో అడ్రసు మార్చుకోలేదు, ఓటు మార్చుకోలేదు, సంఘంలో సభ్యత్వం కూడా ఉప్పుగూడలోనే ఉంచుకున్నాడు. సామాను మాత్రమే తాండూరు వెళ్లిందనీ, తాను వెళ్లలేదనీ అతని లెక్క. రంజాన్ జాగా ఉన్నంత కాలం ఆ లెక్కను ఎవరూ కాదనలేరు.

తాండూరులో వాళ్లకు దొరికిన ఇంటికి నేలా బండే, అరుగూ బండే, స్నానాల గది గోడలూ బండే. ఊరి చుట్టూ నాపరాళ్ల గనులు, ఊళ్లో ఆ రాళ్లను కోసి నునుపుచేసే పాలిషింగ్ యూనిట్లు. లారీ వెళ్లిన ప్రతిసారీ ఉతికి ఆరేసిన బట్టలు బూడిదరంగుకు తిరిగేవి. రాత్రి తొమ్మిదయ్యేసరికి దుకాణాలు మూసేసేవారు. ఎదురింటివాళ్లు మొదటి రోజే అద్దె ఎంత, జీతం ఎంత, ఒక్కతే బిడ్డ ఎందుకని అన్నీ అడిగేశారు. పాతబస్తీలో ఇరవై ఏళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నవాళ్లు కూడా అడగని సంగతులవి. ఇస్సాకు వాళ్లకు ముక్తసరిగా జవాబులు చెప్పి తలుపు వేసుకునేవాడు. రాహేలు మాత్రం వారం తిరక్కుండా అందరి వంటింట్లోకీ వెళ్లి కూర్చుంది.

ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇస్సాకు జూన్‌లో కాశమ్మ మెస్సులో చేరాడు. పాలిషింగ్ యూనిట్ల పక్కనే రేకుల కింద నడిచే మెస్సు అది. మధ్యాహ్నం యాభై మంది తింటారు, అందరూ యూనిట్లలో పనిచేసేవాళ్లే. కాశమ్మ యాభై ఏళ్ల విధవరాలు, మాటలో మొహమాటం లేదు. హైదరాబాదు బావర్చీఖానాలో ఇరవై మూడేళ్లు చేశానని ఇస్సాకు చెప్పగానే, ఇంకేమీ అడగకుండా పొయ్యి అతనికి అప్పగించేసింది. అక్కడ తాను వండలేదనీ, కోసేవాడిననీ, రుచి చూసేవాడిననీ ఇస్సాకు చెప్పనూ లేదు. ఆమె అడిగితే కదా చెప్పడం.

అయినా ఇరవై మూడేళ్లు చూసిన కళ్లు ఊరికే పోవు. మొదటి రోజు పప్పూ వంకాయ కూరా బాగానే కుదిరాయి. అతని నాలుకకు ఉప్పు సూది మొన మీద నిలబెట్టినట్టు సరిపోయింది. బంతి కూర్చున్న ఐదు నిమిషాలకు ఒకడు లేచి ఉప్పు డబ్బా అడిగాడు. డబ్బా ఆ చివరి నుంచి ఈ చివరికి చేతులు మారి, ఖాళీ అయి తిరిగొచ్చింది.

కాశమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. “తమ్మీ, గిది మెస్సు. దవాఖాన కాదు.”

“ఉప్పు కరెక్టున్నది అక్కా. నాలుక మీద ఏసుకొనే చూసిన.”

“నీ నాలుకను కాదు, ఆల్ల చెమటను జూడు. పొద్దంత నీళ్లల్ల, దుమ్ముల నిలబడి బండ రుద్దుతరు. ఎంత చెమట పోతే అంత ఉప్పు పడాలె.”

ఇస్సాకు మనసులో బాధపడ్డాడు. మూడు బస్తీలకు ఉప్పు చెప్పిన తనకు ఈవిడ నేర్పడమా అనుకున్నాడు. అయితే పనివాళ్ల చొక్కాల మీద ఎండి తెల్లగా చారలు కట్టిన చెమట చూశాక ఆమెను కాదనలేకపోయాడు. తన నాలుక చాలన్న తర్వాత ఇంకో గుప్పెడు వేయడం మొదలుపెట్టాడు. ఆ వంటే తనూ తినేవాడు. మొదట్లో తిన్నాక చెంబుల కొద్దీ నీళ్లు తాగాల్సి వచ్చేది. వానలు పడేసరికి అంత దాహం వేయడం లేదు. దసరా నాటికి నాలుక చాలన్నప్పుడే ఆపుతున్నాడు, ఇంకో గుప్పెడు అవసరం పడటం లేదు. బంతిలో ఎవరూ డబ్బా అడగడం లేదు. పనివాళ్లకు తన చేతివంట అలవాటైందని ఇస్సాకు అనుకున్నాడు.

నిజం చెప్పాలంటే తాండూరులోనే అతను మొదటిసారి వంటవాడయ్యాడు. ఏ కూర చేయాలో తనే అనుకునేవాడు, ఉప్పు తన చేత్తోనే వేసేవాడు. పుంటికూర పప్పు చేసిన రోజున పక్క మెస్సు వాళ్లు కూడా వచ్చి తినిపోయేవారు. మరొకడైతే ఆ గౌరవానికి మురిసిపోయేవాడు. ఇస్సాకుకు మాత్రం అదంతా రంజాన్ దాకా కాలక్షేపం. గోడమీది క్యాలెండర్లో ఫిబ్రవరి పేజీ మీద ముందుగానే పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి మొదటి వారం నుంచే అతను ఎప్పటిలాగే నియమం పట్టాడు. పచ్చిమిర్చి మానేశాడు, పచ్చళ్లు మానేశాడు, చాయ్ చల్లార్చుకుని తాగాడు. మెస్సులో పప్పులోంచి కారపు తాళింపు కూడా పక్కకు తోసేసి తిన్నాడు. ఒక్క ఉప్పు సంగతి మాత్రం అతనికి తట్టలేదు. కూరగాయలు తూచేవాళ్లు తూకపు రాయిని తూచుకోరు కదా, ఇదీ అంతే.

“నెల రోజులు నా పొయ్యి ఎవలు చూస్తరు తమ్మీ?” అంది కాశమ్మ.

“ఎవలన్న చూస్తరక్కా. ఆడ నేను పోకుంటే నడవది” అన్నాడు ఇస్సాకు.

కాశమ్మ అతన్ని ఎగాదిగా చూసి, “పోయి రా. కోడలిని పిలిపించుకుంట” అంది.

పద్దెనిమిదో తేదీ, శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం. రాహేలు ఆరాధనకు వెళ్లి వచ్చేసరికి ఇస్సాకు సంచి సర్దుకుని బయల్దేరాడు. రైలు మారి యాకుత్‌పురాలో దిగేసరికి సాయంత్రమైంది. సందు మొదట్లోనే “ఇసాక్ భాయ్ ఆగయే” అని కేక వినిపించింది. అందరూ వచ్చి కౌగిలించుకున్నారు. ఉస్తాద్ ఇస్సాకు భుజం మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం అలాగే ఉంచాడు. పళ్ల డాక్టరు భయపెడితే పెంటయ్య జర్దా మానేసి ఏడాది కావస్తోందని, అప్పటి నుంచి లోకం మీద విసుగ్గా ఉన్నాడని ఎవరో చెప్పారు. తార్పాలిన్ కొత్తది కట్టారు. తొమ్మిది నెలల తర్వాత ఇస్సాకు ఆ రోజు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు మొదటి రోజా. మూడున్నరకు ఉస్తాద్ పిలిచాడు. ఇస్సాకు మూడుసార్లు పుక్కిలించి తార్పాలిన్ వెనక్కి వెళ్లాడు. అరచేతిలో వేసుకుని, ఊది, అందుకున్నాడు. ఉస్తాద్‌కు వయసు మీద పడిందని అనుకున్నాడు, ఇంత చప్పగా ఎప్పుడూ ఉండేది కాదు. బయటికి వచ్చి “రెండు చేతులు” అన్నాడు.

“దో?” అన్నాడు ఉస్తాద్.

“రెండు, ఉస్తాద్.”

ఇరవై మూడేళ్లలో ఒకటికి మించి ఎప్పుడూ అడగలేదు. అయినా ఆ నాలుకను ఉస్తాద్ ఏనాడూ శంకించలేదు. గుప్పెడు, మళ్లీ గుప్పెడు చల్లాడు. కర్రలు తిరిగాయి. ఐదింటికి వరుస మొదలైంది, పార్సిళ్లు కట్టిచ్చేవాళ్లకు తల ఎత్తే తీరిక లేదు. ఆరున్నర కాకముందే మొదటి దేగు సగానికి వచ్చింది. మసీదులో సైరన్ మోగింది. షెడ్డులో అందరూ ఖర్జూరాలు నోట్లో వేసుకుని నీళ్లు తాగారు.

పావుగంట గడిచిందో లేదో, గాజుల దుకాణం ముసలాయన పార్సిల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. కోపంగా కాదు, జాలిగా అడిగాడు. “ఉస్తాద్, సముందర్ కా పానీ పోసిండ్రా ఏంది?”

అతని వెనక ఇంకో ఇద్దరు డబ్బాలతో నిలబడ్డారు, వాళ్ల వెనక ఇంకొందరు. ఉస్తాద్ చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ముఖం మారలేదు గానీ మింగడానికి ఒక క్షణం పట్టింది. “గోధుమలు ఉడకబెట్టుండ్రి. రెండో దేగుల కలుపుదం. తెచ్చినోల్లందరికి అండ్లకెల్లి మల్ల పొయ్యిండ్రి” అని చెప్పి లోపలికి వెళ్లాడు.

ఇస్సాకు దేగు దగ్గరకు వెళ్లి గరిటెడు తీసుకుని తిన్నాడు. సరిగ్గా ఉంది. ఇంకోసారి తిన్నాడు. అప్పుడూ సరిగ్గానే ఉంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, తెల్లారేసరికి అతను ఒక కారణం వెతుక్కున్నాడు. ఈ ఏడు ఉప్పు మారి ఉంటుంది, దీనికి గాఢత ఎక్కువ. పోయి మూటను తెరిచి చూశాడు. పాత కొట్టు ఉప్పే, పాత మూటే. ఆ రోజు గంజి తప్ప ఏమీ ముట్టలేదు. పెద్ద ఉల్లిగడ్డల బుట్ట ముందేసుకుని కోస్తూ కూర్చున్నాడు. కళ్లు మండితే తుడుచుకున్నాడు, ఎవరికీ సంజాయిషీ చెప్పే పని లేకపోయింది.

అప్పుడే అతనికి కాశమ్మ మాట తలకెక్కింది. ఎనిమిది నెలలు పాలిషింగ్ యూనిట్ల ఉప్పు తిన్నాడు. తన కళ్లముందే, తన చేత్తోనే, గుప్పెడు గుప్పెడు వేసుకుంటూ తిన్నాడు. ఆధార్ కార్డు కదలకుండా చూసుకున్నాడు, ఓటు కదలకుండా చూసుకున్నాడు, నాలుక మాత్రం తనకు చెప్పకుండా ఊరు మారిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది అతని పని.

మూడున్నరైంది. “ఇసాక్” అని పిలుపు వచ్చింది.

తార్పాలిన్ వెనక ఇస్సాకు అరచేతిలో హలీం పెట్టుకుని ఊదాడు. నోట్లో వేసుకుంటే పసిపిల్లలకు పెట్టే ఉగ్గులా చప్పగా ఉంది. ఇప్పుడు తప్పించుకునే దారి తెలుసు. తక్కువగా తోస్తోంది గనుక ఇది సరిగ్గా ఉందన్నమాట. బయటికి వెళ్లి సరిపోయిందని ఒక్క మాట అంటే నిన్నటిది పొరపాటు కింద కొట్టుకుపోతుంది, జాగా నిలుస్తుంది. కాశమ్మ దగ్గర నాలుకను కాదని లెక్క ప్రకారం ఉప్పు వేసినవాడు ఇక్కడ లెక్క ప్రకారం ఆపలేడా? ఆపగలడు. కానీ రేపు ఆ లెక్క తప్పితే? మూడు బస్తీల వాళ్లు పొద్దంతా నోరు కట్టుకుని కూర్చుంటే, వాళ్ల గిన్నెల్లోకి తన అంచనా పోయడానికి అతనికి మనసు రాలేదు. నెల రోజులు రోజూ అంచనా వేస్తూ, వాళ్ల ముఖాలు చూస్తూ బతకడానికి భయం కూడా వేసింది.

బయటికి వచ్చాడు. “నా నాలుకకు తక్కువనే అనిపిస్తున్నది ఉస్తాద్” అన్నాడు. తర్వాత అతి కష్టం మీద, “నా నాలుకను నమ్మకుండ్రి” అన్నాడు.

ఉస్తాద్ అప్పటికే గుప్పెడు ఉప్పు తీసి పట్టుకుని ఉన్నాడు. దేగు మీద చెయ్యి అలాగే ఆగింది. కర్రలు పట్టుకున్నవాళ్లు కర్రలు ఆపారు. ఉస్తాద్ పొయ్యి వైపు తిరిగి, “పెంటయ్యా, ఇటు రా. నోరు కడుక్కో” అన్నాడు.

“నాకేమెరుక సాబ్? నేను కట్టెలేసెటోన్ని” అన్నాడు పెంటయ్య.

“రా అంటున్న గదా.”

పెంటయ్య మసి చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, తార్పాలిన్ వెనక్కి వెళ్లాలని కూడా తెలియక అక్కడే నిలబడి తినబోయాడు. ఇస్సాకే అతని మోచెయ్యి పట్టి తార్పాలిన్ వెనక్కి తీసుకుపోయాడు. అరచేతిలో వేసుకొమ్మని, ఊదుకొమ్మని, ముందు నాలుక కొసకు తగలనివ్వమని చెప్పాడు. పెంటయ్య చెప్పినట్టే చేశాడు. చప్పరించి, ఇస్సాకు ముఖంలోకి చూసి, నోరు విప్పడానికి తటపటాయించాడు.

“నిజం చెప్పు అన్నా” అన్నాడు ఇస్సాకు.

“సరిపోయింది తమ్మీ. ఇంకింత పడ్తే ఎక్కువైతది.”

బయట అందరికీ వినిపించింది. ఉస్తాద్ గుప్పెట్లో ఉప్పును మెల్లగా మళ్లీ డబ్బాలోనే జారవిడిచాడు. “మూత పెట్టుండ్రి” అన్నాడు. కర్రలు మళ్లీ కదిలాయి, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. ఆ కాసేపు ఒక్కరు కూడా ఇస్సాకు వైపు చూడలేదు. వాళ్ల మర్యాద అది. ఇస్సాకుకు మాత్రం ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

నమాజు అయ్యాక ఉస్తాద్ వచ్చి ఉల్లిగడ్డల బుట్ట పక్కన కూర్చున్నాడు. “అబద్ధం చెప్పి ఉంటే నాకు ఎరుకయ్యేది కాదు” అన్నాడు.

ఇస్సాకు కత్తి ఆపలేదు.

“జాగా పోదని జుబాన్ ఇచ్చిన. పోలే. ఉల్లిగడ్డలు నువ్వే కొయ్యి, నెలంత ఉండు. నీ లెక్క కోసెటోడు లేడు.” ఉస్తాద్ దయతోనే అన్నాడు. ఆ దయే ఇస్సాకుకు కష్టంగా తోచింది.

“ఎల్లుండి పోత ఉస్తాద్. ఆడ పొయ్యి ఉన్నది, యాభై మంది తింటరు” అన్నాడు. అలా అంటాడని అప్పటిదాకా అతనికీ తెలియదు. ఉస్తాద్ తల ఊపి లేచాడు.

ఆ సాయంత్రం ఎవరూ డబ్బాలు వెనక్కి తేలేదు. పైగా కొందరు రెండోసారి వచ్చి వరుసలో నిలబడ్డారు. పెంటయ్య కట్టెల దగ్గర కూర్చుని బీడీ కూడా వెలిగించకుండా తనలో తనే నవ్వుకుంటున్నాడు. సైరన్ మోగి అందరూ ఇఫ్తార్ చేశాక ఇస్సాకు కూడా ఒక గిన్నె పోయించుకున్నాడు. లోపల అందరి మధ్య కూర్చోవడానికి మనసొప్పక, రోడ్డు పక్కన గిరాకీల కోసం వేసిన బెంచీ మీద ఒక చివర కూర్చున్నాడు. ఒక చెంచా తిన్నాడు. నెయ్యీ మాంసమూ గోధుమా అన్నీ తెలుస్తున్నాయి, కూర్చోవలసిన చోట రుచి కూర్చోలేదు. లేచి లోపలికి వెళ్లి చిటికెడు దొడ్డుప్పు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. కొంచెం నలిపి చల్లుకుని కలుపుకున్నాడు. అప్పుడు బాగుంది.

పక్కన కూర్చుని తింటున్న నడివయసు మనిషి అది చూశాడు. తెల్ల టోపీ, ఒళ్లో స్కూటర్ తాళం.

“హలీంల ఉప్పు ఏసుకుంటున్నవేంది భాయ్? ఈ భట్టీ హలీం నేను పదిహేనేండ్ల సంది తింటున్న. నిన్న ఒక్కనాడు ఏమైందో గని, ఉప్పు ఈడ ఎన్నడు తప్పది. కొలిచి ఏసినట్టుంటది. ఉత్తగ తిని చూడు, తెలుస్తది.”

“మంచిగనే ఉన్నది” అన్నాడు ఇస్సాకు.

“కొత్తగ వచ్చినవా? ఏ ఊరు భాయ్ మీది?”

షెడ్డు లోపల ఉస్తాద్ ఎవరికో రేపటి గోధుమలు నానబెట్టమని చెబుతున్నాడు. ఇస్సాకు ఆ మాట పూర్తయ్యే దాకా విన్నాడు.

“తాండూరు” అన్నాడు. అరచేతిలో మిగిలిన ఉప్పు కూడా గిన్నెలో వేసుకుని తినేశాడు.